కృత్రిమ మేధ – సాఫ్ట్‌వేరు పనిముట్లు – వివరణ పత్రాలు

పనిముట్టును తయారుచేయటం ఒక విద్య. దానిని ఎట్లా వాడవలెనో ఇతరులకు తెలియజెప్పటం మరొక విద్య. మొదటి విద్యకు దక్కిన గౌరవం రెండవ విద్యకు ఏనాడూ దక్కలేదు. యంత్రాన్ని నిర్మించినవాని పేరు చరిత్రలో నిలుస్తుంది. ఆ యంత్రంతోపాటు వచ్చే చిన్న పుస్తకాన్ని వ్రాసినవాని పేరు ఎవరికీ తెలియదు. అయితే ఇటీవలి సంవత్సరాలలో ఈ రెండవ విద్యకు అనుకోని ప్రాముఖ్యం లభించింది. ఆ చిన్న పుస్తకాన్ని ఇప్పుడు మనుషులతోపాటు యంత్రాలు కూడా చదువుతున్నాయి. చదవటమే కాదు, చదివినదానిని నమ్మి పని చేస్తున్నాయి.

పూర్వం దవాఖానాలో కాంపౌండరు కలిపి ఇచ్చే మందు సీసాను పెద్దలందరూ ఎరుగుదురు. సీసా ప్రక్కన మోతాదుల గుర్తులతో కత్తిరించిన కాగితపు పట్టీ ఒకటి అంటించి ఉండేది. "బాగా కుదిపి త్రాగవలెను", "భోజనానంతరం", "పైపూతకు మాత్రమే" వంటి మాటలు చీటీపై ఉండేవి. మందులోని రసాయన రహస్యం రోగికి అక్కరలేదు. ఎంత, ఎప్పుడు, ఎట్లా, ఏమి చేయరాదు అన్న నాలుగు సంగతులు తెలిస్తే చాలును. ఆ చీటీ తప్పుగా ఉన్నట్లయితే సీసాలో ఉన్నది మంచి మందే అయినా ప్రాణం మీదికి వస్తుంది. సాఫ్ట్‌వేరు పనిముట్టుకు వ్రాసే వివరణ పత్రం అటువంటి చీటీ. కృత్రిమ మేధ చదివి అర్థం చేసుకొనే విధంగా దానిని ఎట్లా వ్రాయవలెనో, అందులో అంత జాగ్రత్త ఎందుకు అవసరమో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏజెంటు అనగా ఏమి?

అపారమైన వాఙ్మయాన్ని చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో ఊహించగల శక్తిని కంప్యూటరుకు అలవరచగా ఏర్పడినదే భాషా నమూనా. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటి నుండి ఈ నమూనాల సంగతి సామాన్య ప్రజలకు కూడా పరిచయమైనది. అయితే భాషా నమూనా తనంతట తాను చేయగలిగిన పని ఒక్కటే – వ్రాయటం. అది రైలు టిక్కెట్టు కొనలేదు. పరీక్షా ఫలితాన్ని తెరచి చూడలేదు. జీతాల పట్టికలో ఒక్క అంకెను దిద్దలేదు. ఆ పనులు చేయటానికి వేరే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిని పిలిచి పని చేయించుకొనే అవకాశాన్ని కల్పించి, ఒక లక్ష్యాన్ని అప్పగించినప్పుడు భాషా నమూనా ఏజెంటుగా మారుతుంది. అది పిలిచే ఒక్కొక్క ప్రోగ్రామును పనిముట్టు అంటాము.

ఈ ఏర్పాటు కొద్ది సంవత్సరాలలోనే స్థిరపడింది. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన నమూనాలకు "ఫంక్షన్ కాలింగ్" అనే సౌకర్యాన్ని కల్పించింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ "మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్" అనే నియమావళిని ప్రకటించింది. ఏ పనిముట్టునైనా ఏ ఏజెంటుకైనా ఒకే తీరున పరిచయం చేయటానికి ఏర్పడిన నియమావళి ఇది.

పరిచయం జరిగే విధానం ఇట్లా ఉంటుంది. ప్రతి పనిముట్టుకు ముఖ్యంగా మూడు అంశాలను వ్రాసి ఇస్తారు. మొదటిది పేరు. రెండవది మామూలు మానవ భాషలో వ్రాసిన వివరణ. మూడవది ఆ పనిముట్టుకు అందించవలసిన సమాచారపు జాబితా. దీనిని "జేసన్ స్కీమా" అనే పద్ధతిలో వ్రాస్తారు. ఏజెంటు ఈ మూడింటిని చదువుతుంది. తనకు అప్పగించిన పనికి ఏ పనిముట్టు తగినదో నిర్ణయించుకొని, దాని పేరును, అందించవలసిన విలువలను వ్రాస్తుంది. మరొక ప్రోగ్రాము ఆ కోరికను అమలు జరిపి ఫలితాన్ని తిరిగి అక్షరరూపంలో అందిస్తుంది. ఏజెంటు ఆ ఫలితాన్ని చదివి తరువాతి అడుగును నిర్ణయించుకుంటుంది. పని ముగిసేవరకు ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. పనిముట్టు లోపలి నిర్మాణం ఏజెంటుకు సాధారణంగా కనిపించదు. దానికి కనిపించేది చీటీ మాత్రమే. చీటీపై లేని విషయం ఏజెంటు దృష్టిలో లేనే లేదు. చీటీపై తప్పుగా ఉన్నది దానికి సత్యమే.

మనిషి పాఠకుడు – యంత్ర పాఠకుడు

ప్రోగ్రాములకు వివరణ వ్రాసే సంప్రదాయం కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే శాస్త్రజ్ఞులు తాము నిర్మించిన యూనిక్స్ వ్యవస్థకు 1971 నవంబరు 3వ తేదీతో మొదటి వినియోగ గ్రంథాన్ని వెలువరించారు. ఒక్కొక్క ఆజ్ఞకు పేరు, వ్రాయవలసిన రూపం, వివరణ, సంబంధించిన ఇతర ఆజ్ఞలు, దోష సూచనలు అని విభాగాలు చేశారు. చివర "లోపాలు" అనే శీర్షిక క్రింద తమ పనిముట్టుకు చేతకానిదేమిటో తామే ఒప్పుకున్నారు. యాభై సంవత్సరాలు గడిచిన తరువాత కూడా యూనిక్స్ సంతతికి చెందిన వ్యవస్థలలో వివరణ పుటలు దాదాపు ఇదే క్రమాన్ని పాటిస్తున్నాయి. వస్తువును చేసినవాడే దాని లోపాన్ని వ్రాసి ఇవ్వటం గొప్ప నిజాయితీ. ఈనాటి రచయితలకు కూడా అది ఆదర్శప్రాయం.

అయినప్పటికీ మనుషుల కొరకు వ్రాసిన పత్రాలలో చాలా సంగతులు చెప్పకుండా విడిచిపెట్టినా పని నడిచింది. కారణం స్పష్టమే. పత్రంలో సందేహం తీరకపోతే ఉద్యోగి ప్రక్క బల్ల వద్ద కూర్చున్న అనుభవజ్ఞుని అడుగుతాడు. "ఆ గడిలో తేదీ వ్రాయవద్దు, వ్రాస్తే ఆగిపోతుంది" వంటి రహస్యాలు చాయ్ త్రాగుతూ ఒకరి నుండి ఒకరికి చేరుతాయి. ఒకసారి దెబ్బ తిన్నవాడు రెండవసారి జాగ్రత్త పడతాడు. కాగితంలోని ఖాళీలను మనుషుల మధ్య నడిచే మాట పూరిస్తూ వచ్చింది.

యంత్ర పాఠకునికి ఈ వసతి లేదు. ఈ ఇద్దరు పాఠకుల మధ్య గల భేదాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది: ఏజెంటుకు ఆ కార్యాలయపు ఆచారాలు, ఆ ఊరి పద్ధతులు తెలియవు. లోకజ్ఞానం అపారంగా ఉన్నప్పటికీ ఈ ప్రత్యేక పనిముట్టును గురించి దానికి తెలిసినది చీటీలోని మాటలే.

రెండవది: నిన్నటి అనుభవం నేటికి నిలుస్తుందన్న భరోసా లేదు. విడిగా వ్రాసి భద్రపరచి మళ్ళీ అందిస్తే తప్ప, నేర్చుకున్న పాఠం ఆ సంభాషణతోనే ముగుస్తుంది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: సందేహం కలిగినప్పుడు ఆగి అడగటానికి బదులు ఏజెంటు తరచుగా ఊహించి ముందుకు సాగుతుంది. దాని ఊహ కూడా తడబాటు లేని భాషలోనే ఉంటుంది. మనిషి తెలియక వ్రాసిన జవాబులో కొంత సంకోచం కనిపిస్తుంది. యంత్రం వ్రాసినదానిలో ఆ సంకోచం కనిపించకపోవచ్చు.

నాలుగవది: ఏజెంటు ఒకేసారి దృష్టిలో ఉంచుకోగల పాఠానికి పరిమితి ఉన్నది. పది పుటల ప్రశంసా వాక్యాల నడుమ ఒక హెచ్చరికను దాచినట్లయితే ఆ హెచ్చరిక దృష్టికి ఆనకపోవచ్చు. కనుక తక్కువ చెప్పటం ఎంత దోషమో, అక్కరలేనిది చెప్పటం కూడా అంతే దోషం.

గతం నేర్పిన రెండు పాఠాలు

కృత్రిమ మేధ రాకముందే వివరణ లోపం వలన జరిగిన అనర్థాలు సాంకేతిక చరిత్రలో ఉన్నాయి. వాటిలో రెండు మన విషయానికి చాలా దగ్గరివి.

1998 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారక గ్రహం వైపు "మార్స్ క్లైమేట్ ఆర్బిటర్" అనే నౌకను పంపింది. దాని చిన్న రాకెట్లు కలిగించే తోపుడును లెక్కించే ఒక ప్రోగ్రాము ఫలితాన్ని పౌండు-సెకండ్లలో ఇచ్చింది. ఆ ఫలితాన్ని అందుకొన్న మరొక ప్రోగ్రాము దానిని న్యూటన్-సెకండ్లుగా భావించింది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. నెలల తరబడి ఈ తేడా పోగుపడింది. 1999 సెప్టెంబరు 23న గ్రహానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగి నశించింది. మెట్రిక్ ప్రమాణాలే వాడవలెనని నియమ పత్రంలో వ్రాసే ఉన్నది. పనిముట్టు మాత్రం ఆ వ్రాతను అనుసరించలేదు. అంకె ప్రక్కన ప్రమాణం వ్రాయటమే గాక, వ్రాత, పనిముట్టు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో పరీక్షించటం కూడా అవసరమని ఈ సంఘటన తెలుపుతుంది.

రెండవది మరింత విషాదకరం. 1985 నుండి 1987 వరకు అమెరికా, కెనడా దేశాలలో "థెరాక్-25" అనే కిరణ చికిత్సా యంత్రం వలన ఆరుగురు రోగులు మితిమీరిన కిరణాలకు గురి అయినారు. వారిలో కొందరు మరణించారు. అసలు దోషం ప్రోగ్రాములోను, భద్రతా ఏర్పాటులోను ఉన్నది. అయితే 1986లో టెక్సస్‌లో ప్రమాదం జరిగినప్పుడు యంత్రం తెరపై "మాల్‌ఫంక్షన్ 54" అన్న సందేశం కనిపించింది. నడిపేవారికి ఇచ్చిన పుస్తకంలో ఆ సంఖ్యకు అర్థం లేదు. అటువంటి సందేశాలు ప్రతిరోజూ కనిపించటం, ఒక మీట నొక్కి ముందుకు సాగటం వారికి అలవాటైపోయింది. ఆ రోజు కూడా అట్లాగే నొక్కారు. అర్థం లేని హెచ్చరిక క్రమంగా హెచ్చరికగానే మిగలదు. దోష సందేశం కూడా వివరణ పత్రంలో భాగమేనని, బహుశా అతి ముఖ్యమైన భాగమని ఈ దుర్ఘటన బోధిస్తున్నది.

ఒక ఉదాహరణ: గ్రంథాలయ పనిముట్టు

ఇక మనకు దగ్గరగా ఉండే ఒక ఉదాహరణ తీసుకొందాం. ఉర్దూ, తెలుగు, ఆంగ్ల గ్రంథాలు ఉన్న ఒక కళాశాల గ్రంథాలయాన్ని ఊహించుకొందాం. పుస్తకాల పట్టికను వెతికే ప్రోగ్రామును ఒక విద్యార్థి నిర్మించి, దానిని ఏజెంటుకు అప్పగించాడు. వివరణగా "గ్రంథాలయ సమాచారం ఇస్తుంది" అని ఒక్క వాక్యం వ్రాశాడు. అందించవలసినవి "పేరు", "సంవత్సరం" అన్నాడు.

ఒక విద్యార్థిని "దీవాన్-ఎ-గాలిబ్ మన గ్రంథాలయంలో ఉన్నదా?" అని ఏజెంటును అడిగింది. ఏజెంటు ఆ పేరును రోమను అక్షరాలలో వ్రాసి వెతికింది. పట్టికలో ఉర్దూ గ్రంథాలన్నీ ఉర్దూ లిపిలోనే నమోదై ఉన్నాయి. ఫలితం శూన్యం. "ఆ గ్రంథం మీ గ్రంథాలయంలో లేదు" అని ఏజెంటు మర్యాదగా జవాబు చెప్పింది. పుస్తకం బీరువాలోనే ఉన్నది. పరీక్షలు దగ్గరపడిన విద్యార్థిని వెనుదిరిగిపోయింది. ప్రోగ్రాము ఆగిపోలేదు, ఎవరికీ ఫిర్యాదు చేరలేదు. ఇటువంటి మౌన దోషమే అన్నిటికంటె హానికరం; ఎందుకంటే అది దోషమని ఎవరికీ తెలియదు.

అదే పనిముట్టుకు ఈ విధంగా వివరణ వ్రాసి ఉన్నట్లయితే ఫలితం వేరుగా ఉండేది:

"ఈ పనిముట్టు కళాశాల గ్రంథాలయ పట్టికలో పుస్తకాలను వెతుకుతుంది. పట్టికను చదువుతుందే గాని దేనినీ మార్చదు. పుస్తకాన్ని అరువు ఇచ్చుటకు గాని, తిరిగి జమచేయుటకు గాని దీనిని వాడరాదు. అందుకు వేరే పనిముట్టు ఉన్నది. ఉర్దూ గ్రంథాల పేర్లు ఉర్దూ లిపిలోను, తెలుగు గ్రంథాల పేర్లు తెలుగు లిపిలోను, ఆంగ్ల గ్రంథాల పేర్లు రోమను లిపిలోను మాత్రమే నమోదైనవి. అడిగినవారు వేరే లిపిలో పేరు ఇచ్చినచో, గ్రంథపు భాషకు తగిన లిపిలోనికి మార్చి వెతకవలెను. సంవత్సరం క్రీస్తుశకంలో నాలుగంకెలతో ఇవ్వవలెను. నిశ్చయం లేనిచో వదలివేయవచ్చును. ఫలితంగా 20 గ్రంథాలకు మించకుండా పేరు, రచయిత, బీరువా సంఖ్య, లభ్యత వస్తాయి. ఫలితం శూన్యమైనచో ఆ అక్షరక్రమంతో నమోదు లేదని మాత్రమే అర్థం. గ్రంథమే లేదని అర్థం కాదు. 2005కు ముందు కొన్న గ్రంథాలు ఈ పట్టికకు ఎక్కలేదు. వాటి విషయమై గ్రంథపాలకుని సంప్రదించవలసినదిగా తెలుపవలెను."

ఈ వివరణలో ఒక్క అలంకారం కూడా లేదు. కాని ప్రతి వాక్యం ఒక పొరపాటును ముందుగానే నివారిస్తున్నది. మొదటి మూడు వాక్యాలు పనిని, దాని హద్దును చెప్పాయి. ఏమి చేయదో చెప్పకపోతే, పేరు దగ్గరగా ఉన్న రెండు పనిముట్లలో ఏజెంటు ఒకదానికి బదులు మరొకదానిని పిలువవచ్చు. లిపిని గురించిన వాక్యాలు పై దోషాన్ని తొలగించాయి. శూన్య ఫలితానికి అర్థం చెప్పిన వాక్యం అన్నిటికంటె విలువైనది. "దొరకలేదు" అన్న మాటకు, "లేదు" అన్న మాటకు గల దూరాన్ని అది కాపాడుతున్నది.

లిపి విషయం పైకి కనిపించేంత సులభం కాదు. ఉర్దూలోని యే, కాఫ్ అక్షరాలను అరబ్బీ కీబోర్డుతో టైపు చేసినట్లయితే ఒక సంకేత సంఖ్య, ఉర్దూ కీబోర్డుతో చేసినట్లయితే మరొక సంకేత సంఖ్య పడతాయి. పదంలో కలిసినప్పుడు కంటికి రెండూ ఒకటిగానే కనిపించవచ్చు. కంప్యూటరుకు మాత్రం వేరు అక్షరాలు. తెలుగులో "సంబంధం" అని పూర్ణబిందువుతో వ్రాసినా, "సమ్బన్ధం" అని వ్రాసినా మనం ఒకే విధంగా చదువుతాము, యంత్రం చదవదు. ఇన్‌పేజ్‌లో పాత పద్ధతిన కూర్చిన ఉర్దూ పాఠం, అను లిపులలో కూర్చిన తెలుగు పాఠం యూనికోడ్‌లోనికి మారిస్తే తప్ప ఇటువంటి వెతుకులాటకు అందవు. ఈ సంగతులు రెండు లిపులతో నిత్యం మెలిగేవారికి తెలుసు. తెలిసినవారు వ్రాయకపోతే ఇంకెవరు వ్రాస్తారు?

సంవత్సరం కూడా అటువంటిదే. "1358" అన్న అంకెను చూడండి. అది హిజ్రీ అయితే 1939-40 ప్రాంతం. హైదరాబాదు సంస్థానపు ఫసలీ అయితే 1948-49 ప్రాంతం. మన ప్రాంతపు పాత ఉర్దూ గ్రంథాలలోను, దస్తావేజులలోను ఈ రెండు లెక్కలూ కనిపిస్తాయి. "సంవత్సరం" అని మాత్రమే వ్రాసిన గడి ఈ భేదాన్ని ఏజెంటుకు చెప్పలేదు. డబ్బు విషయంలో ఇది ఇంకా తీవ్రం. మన దేశంలో చెల్లింపులకు వాడుకలో ఉన్న రేజర్‌పే వ్యవస్థలో మొత్తాన్ని పైసలలో తెలుపవలెను. 500 రూపాయలకు 50000 అని వ్రాయవలెను. ఈ సంగతి తెలియని ఏజెంటు 500 అని వ్రాస్తే వసూలయ్యేది ఐదు రూపాయలే. ఎంత తెలివి ఉన్నా ఊహించి కనుగొనలేని విషయాలివి. ఎవరో ఒకరు వ్రాసి ఇవ్వవలసినదే.

ఒకే వస్తువుకు ఒకే మాట

సాహిత్యంలో ఒకే మాటను పదే పదే వాడటం దోషంగా భావిస్తారు. వివరణ పత్రంలో అదే గుణం. ఒక చోట "సభ్యుడు", మరొక చోట "పాఠకుడు", ఇంకొక చోట "వినియోగదారుడు" అని వ్రాసినట్లయితే ఈ మూడు మాటలు ఒక్కరినే తెలుపుతున్నాయో, ముగ్గురినో ఏజెంటుకు నిశ్చయంగా తెలియదు. "సభ్యత్వ సంఖ్య" అని ఒకచోట పేరు పెట్టిన తరువాత అన్ని పనిముట్లలోను అదే పేరు ఉండవలెను.

ఈ క్రమశిక్షణ మన ప్రాంతానికి కొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆరంభమైనప్పుడు, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చుటకు ఏర్పడిన అనువాద సంస్థ పారిభాషిక పదాల నిర్ణయానికి ఎంతో శ్రమించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ తెలుగు మాధ్యమపు పాఠ్యగ్రంథాల కొరకు పారిభాషిక పదకోశాలను వెలువరించింది. ఒక భావానికి ఒక మాటను నిర్ణయించి, అందరూ దానికే కట్టుబడితేనే శాస్త్రం బోధపడుతుందని ఆ పెద్దలు గ్రహించారు. సాఫ్ట్‌వేరు వివరణకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

దోష సందేశం ఎట్లా ఉండవలెను?

ఏజెంటు తప్పు విలువ ఇచ్చినప్పుడు పనిముట్టు "దోషం 400" అని జవాబిస్తే అది మూడు పనులలో ఒకటి చేస్తుంది: అదే తప్పును మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, లేదా మరొక ఊహ చేస్తుంది, లేదా పని కాలేదని చేతులెత్తేస్తుంది. దీనికి బదులు, "తేదీ 05-06-2024 అని వచ్చినది. సంవత్సరం-నెల-రోజు క్రమంలో, అనగా 2024-06-05 వలె ఇవ్వవలెను. పట్టికలో ఏ మార్పు జరగలేదు" అని జవాబిస్తే తరువాతి ప్రయత్నంలోనే తప్పు సరిదిద్దుకొనగలదు. మంచి దోష సందేశంలో మూడు భాగాలు ఉండవలెను: ఏమి వచ్చినది, ఏమి రావలసినది, ఇంతవరకు ఏమి జరిగినది. మూడవ భాగాన్ని చాలామంది మరచిపోతారు. సగం పని జరిగి ఆగినదా, అసలే జరగలేదా అన్నది తెలియకుండా మళ్ళీ ప్రయత్నించటం ప్రమాదకరం.

మార్పు తెచ్చే పనులు

వెతకటం, చదవటం వంటి పనులలో తప్పు జరిగితే నష్టం పరిమితం. తొలగించటం, చెల్లించటం, పంపించటం వంటి పనులలో అట్లా కాదు. కనుక ప్రతి పనిముట్టును గురించి మూడు ప్రశ్నలకు స్పష్టంగా జవాబు వ్రాయవలెను. ఇది చదువుతుందా, మారుస్తుందా? మార్చినదానిని తిరిగి రాబట్టుకొనగలమా? ఒకే పనిని రెండుసార్లు చేస్తే ఏమవుతుంది?

మూడవ ప్రశ్నను కొంత వివరించవలసి ఉన్నది. ఏజెంటు ఒక విద్యార్థి పరీక్ష రుసుమును చెల్లించింది, డబ్బు చేరింది, కాని జవాబు తిరిగి వచ్చేలోగా తంతి తెగింది. జవాబు రాలేదు గనుక ఏజెంటు మళ్ళీ చెల్లిస్తుంది. ఆ కుటుంబం రెండుసార్లు డబ్బు కట్టినట్లు అవుతుంది. "ఒకే అభ్యర్థన సంఖ్యతో రెండుసార్లు పిలిచినా ఒక్కసారే చెల్లింపు జరుగుతుంది" అన్న ఏర్పాటు పనిముట్టులో ఉండి, ఆ సంగతి వివరణలో కూడా ఉంటే ఈ నష్టం తప్పుతుంది. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో 2025 నుండి ఇటువంటి లక్షణాలను ప్రత్యేక గుర్తులతో తెలిపే వీలు ఏర్పడింది.

అయితే ఒక హెచ్చరిక. ఆ గుర్తులు సూచనలే గాని హామీలు కావని ఆ నియమావళే చెబుతున్నది. "తొలగించే ముందు యజమాని అనుమతి తీసుకోవలెను" అని వ్రాయటం మంచిదే. కాని అనుమతి లేనిదే తలుపు తెరచుకోని తాళాన్ని పనిముట్టులోనే అమర్చటం ఇంకా మంచిది. పైగా వివరణ వ్రాసినవాడు దురుద్దేశం కలవాడైతే చీటీలోనే మోసపు ఆజ్ఞలను దాచి ఏజెంటును తప్పుదారి పట్టించగలడు. కావున ఎవరు వ్రాశారో తెలియని పనిముట్టును ఏజెంటుకు అప్పగించరాదు.

వ్రాసినదానిని పరీక్షించే విధం

వివరణ పూర్తి అయినదని వ్రాసినవాడు చెప్పలేడు. అతనికి అన్నీ తెలుసు గనుక ఏది లోపించినదో అతని కంటికి కనిపించదు. రెండు పరీక్షలు అవసరం. మొదటిది: ఆ పనిముట్టును ఎన్నడూ చూడని మనిషికి వివరణను మాత్రమే ఇచ్చి, ఒక పనిని కాగితంపై చేయించటం. అతడు ఎక్కడ ప్రశ్న వేస్తాడో అక్కడ వివరణ అసంపూర్ణం. రెండవది: ఏజెంటుకు ఇరవై ముప్పై నిజమైన పనులు ఇచ్చి, అది ఏ పనిముట్టును ఎన్నుకున్నది, ఏ విలువలు ఇచ్చినది, ఎక్కడ తడబడినది నమోదు చేయటం. పొరపాటు కనిపించినచోట వాక్యాన్ని దిద్ది, మళ్ళీ అన్ని పనులూ చేయించవలెను. ఒక వాక్యం దిద్దటం వలన మరొక చోట కొత్త పొరపాటు పుట్టవచ్చు గనుక అన్నీ మళ్ళీ చేయించటం ముఖ్యం.

పనిముట్టు మారిన రోజే వివరణ కూడా మారవలెను. నిన్నటి పనిముట్టును వర్ణించే చీటీ, చీటీ లేకపోవటం కంటె హానికరం. చీటీ లేనిచోట కనీసం అనుమానమైనా మిగులుతుంది.

రెండు ఆక్షేపణలు

"యంత్రాలు రోజురోజుకు తెలివి మీరుతున్నాయి గదా, రేపు ఈ శ్రమ అంతా ఎందుకు?" అని కొందరు అడుగవచ్చు. తెలివి వలన ఉన్న సమాచారం నుండి మంచి నిర్ణయం వస్తుంది. లేని సమాచారం పుట్టదు. 1358 హిజ్రీయో ఫసలీయో ఎంతటి పండితుడైనా ఆ అంకెను మాత్రమే చూచి చెప్పలేడు.

"వివరణను కూడా యంత్రం చేతనే వ్రాయించరాదా?" అన్నది రెండవ ఆక్షేపణ. వ్రాయించవచ్చును, తొలి ప్రతిగా అది ఉపయోగపడుతుంది. ప్రోగ్రామును చదివి అది ఏమి చేస్తున్నదో యంత్రం చెప్పగలదు. కాని ఆ పనిముట్టు ఎవరి కొరకు ఏర్పడింది, ఏ సందర్భంలో వాడరాదు, 2005కు ముందటి గ్రంథాలు పట్టికలో ఎందుకు లేవు అన్నవి ప్రోగ్రాములో వ్రాసి ఉండవు. అవి మనుషులకు తెలిసిన సంగతులు. ఆ భాగం మనిషి వ్రాయవలసినదే.

ముగింపు

యంత్రానికి స్పష్టంగా వ్రాసిన పత్రం మనిషికి కూడా మేలు చేస్తుంది. కొత్తగా చేరిన ఉద్యోగికి, తెరపై అక్షరాలను చదివి వినిపించే పరికరాన్ని ఆశ్రయించే అంధ విద్యార్థికి, పట్నపు పరిచయాలు లేక ఎవరినీ అడుగలేని గ్రామీణ విద్యార్థికి ఆ స్పష్టతే ఆధారం. ఇంతకాలం వారు కూడా ఎదురు ప్రశ్న వేయలేని పాఠకులే. వారిని గురించి మనం తగినంత ఆలోచించలేదు.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. కంప్యూటరు విద్యార్థులు సమర్పించే ప్రాజెక్టులలో వివరణ పత్రానికి ప్రత్యేకంగా మార్కులు కేటాయించవలెను. ఆ మార్కులను నిర్ణయించే ముందు పత్రాన్ని ఉర్దూ లేదా తెలుగు శాఖ విద్యార్థి ఒకరికి ఇచ్చి, అందులోని మాటల ఆధారంగానే పని జరుగుతున్నదో లేదో చూడవలెను. దీనికి ధనం అక్కరలేదు. ఒక గంట కాలం చాలును. మన గ్రంథాలయ పట్టికతోనే ఈ పని ఆరంభిస్తే అది విద్యార్థులందరికీ ఉపకరిస్తుంది.

విద్యార్థి మిత్రులారా, రెండు భాషల మధ్య, రెండు లిపుల మధ్య పెరిగిన మీకు ఒక సంగతి సహజంగానే తెలుసు: మనకు తేటతెల్లమైనది ఎదుటివానికి తెలిసి ఉండనవసరం లేదు. ఇంట్లో ఒక మాట, తరగతిలో ఒక మాట, బజారులో మరొక మాట వాడుతూ, ఎవరికి ఏది విడమరచి చెప్పవలెనో మీరు ప్రతిరోజూ నిర్ణయిస్తూనే ఉన్నారు. వివరణ పత్రం వ్రాసేవానికి కావలసిన ప్రధాన శక్తి అదే. ప్రోగ్రాము వ్రాయటం నేర్చుకొనేటప్పుడే దానిని వివరించటం కూడా నేర్చుకోండి. మీరు వదలిపెట్టిన ఒక్క వాక్యం ఎక్కడో ఒక విద్యార్థి ఫీజుగానో, ఒక రోగి మోతాదుగానో తేలవచ్చునని గుర్తుంచుకొని ఆ వాక్యాన్ని వ్రాయండి.